బోరుకు తగ్గ మోటారు, పెట్టెకు తగ్గ కార్డు

కుప్పం దగ్గరి శాంతిపురం మెట్ట పొలాల్లో బోరు వేసిన రైతు అందులో ఎన్ని అంగుళాల నీళ్లు పడ్డాయో చూశాకే ఎన్ని హెచ్‌పీల మోటారు దించాలో తేల్చుకుంటాడు. పాత కంప్యూటరుకు గ్రాఫిక్స్ కార్డు కొనేవారిదీ అదే లెక్క. పదేళ్ల నాటి డెస్క్‌టాప్‌ను తూకానికి అమ్మేయనక్కరలేదు. దాని శక్తికి తగ్గ చిన్న కార్డు పెడితే మరికొన్నేళ్లు పనికొస్తుంది. ఈ మాటకు గ్రాఫిక్స్ కార్డు పుట్టిపెరిగిన తీరే రుజువు.

1981లో వచ్చిన ఐబీఎం పీసీలో తెరపై బొమ్మ చూపే పని మదర్‌బోర్డుది కాదు. ఐదు స్లాట్లలో ఒకదానిలో గుచ్చే విడి కార్డుది. ఐబీఎం అమ్మిన మోనోక్రోమ్ కార్డు తనలో ముందే ఉన్న అక్షరాలను తప్ప మరే ఆకారాన్నీ చూపలేకపోయేది. తన థాయ్ లిపి దానిపై రాదని వాన్ సువన్నుకుల్ అనే ఇంజనీరు హెర్క్యులిస్ కార్డును తయారు చేశాడు. అది 1982లో మార్కెట్లోకి వచ్చింది. మన దేశంలో ఐఐటీ కాన్పూరులో మొలకెత్తి పుణెలోని సీ-డాక్‌లో ఎదిగిన జిస్ట్ కార్డు కూడా స్లాట్‌లోనే కూర్చుని, ఇంగ్లిషు మాత్రమే తెలిసిన పీసీ తెర మీద తెలుగుతో సహా భారతీయ లిపులను చూపించింది. అందుకోసం ఎవరూ యంత్రాన్ని పారేయలేదు, కార్డు ఒకటి చేర్చుకున్నారు. 1996లో త్రీడీ ఆటలకు వూడూ కార్డు, 1999లో జీఫోర్స్ 256 వచ్చాయి. 2004 నుంచి వాడుకలోకి వచ్చిన పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్ తరాలు మారినా ఆకారం మార్చుకోలేదు. పాత బోర్డులో కొత్త కార్డు కూర్చోగలగడం ఆ నిలకడ వల్లే.

అయితే స్లాట్‌లో పట్టిన ప్రతి కార్డూ ఆ పెట్టెకు సరిపోదు. పెద్ద స్లాట్ ఇవ్వగలిగేది గరిష్ఠంగా 75 వాట్లు. అంతకు మించి కావాలంటే పెట్టెకు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ నుంచి వేరే వైరు రావాలి. ఆఫీసుల నుంచి సెకండ్ హ్యాండ్‌కు వచ్చే పెట్టెల్లో ఆ వైరు చాలాసార్లు ఉండదు. కాబట్టి 30 వాట్ల జీటీ 1030, 60 వాట్ల జీటీఎక్స్ 750 టీఐ, 75 వాట్ల 1050 టీఐ వంటివే వాటికి తగినవి. పేరు చూసి మోసపోకూడదు కూడా. జీటీ 1030 రెండు రకాల మెమరీతో వచ్చింది: జీడీడీఆర్5 రకం సెకనుకు 48 గిగాబైట్లు అందిస్తే, డీడీఆర్4 రకం 17 కూడా అందించదు. ఆర్‌ఎక్స్ 6400 కొత్తదే అయినా నాలుగు లేన్ల (డేటా దారుల) మీదే నడుస్తుంది; పాత స్లాట్‌లో ఆ దారి ఇంకా ఇరుకై వేగం తగ్గుతుంది.

ప్రాసెసరే పాతదైనప్పుడు కార్డు ఏం చేస్తుందన్నది న్యాయమైన ప్రశ్న. కంప్యూటరు తెరుచుకోవడానికే ఆలస్యమవుతుంటే ముందు కొనవలసింది ఎస్‌ఎస్‌డీ. కార్డు ఆ జబ్బుకు మందు కాదు. కానీ వీడియోను విప్పడం, త్రీడీ బొమ్మలు గీయడం వంటి పనులను కార్డు తన మీద వేసుకుంటే పాత ప్రాసెసరు మీద బరువు తగ్గుతుంది. వాడిన కార్డు నమ్మదగినదా అన్నది రెండో అభ్యంతరం. 2022 సెప్టెంబరులో ఈథీరియం అనే క్రిప్టో కరెన్సీ పద్ధతి మార్చుకోవడంతో దాని మైనింగ్‌కు కార్డుల అవసరం పోయింది. అలా రాత్రింబగళ్లు పనిచేసిన కార్డులూ అమ్మకానికి వచ్చాయి. అందుకే ఫ్యాను తిరగడం చూసి, అరగంట బరువైన పని నడిపించి చూశాకే డబ్బు చేతికివ్వాలి. డ్రైవర్ల సంగతీ మరవకూడదు: 750, 1050 తరాలకు కొత్త ఆటల డ్రైవర్లు 2025 అక్టోబరుతో ఆగిపోయాయి, భద్రతా సవరణలు 2028 అక్టోబరు వరకే. ఆ గడువు చూపించి బేరమాడవచ్చు.

కుప్పంలో రైలెక్కితే బెంగళూరు చేరవచ్చు, అక్కడి ఎస్పీ రోడ్డులో కంప్యూటరు అంగళ్లకు కొదవ లేదు. కానీ బయల్దేరే ముందే ఇంట్లో పెట్టె మూత విప్పండి. ఎస్‌ఎంపీఎస్ మీద రాసిన వాట్లు, వైర్లు, స్లాటు, పెట్టె ఎత్తు కాగితం మీద రాసుకోండి. ధర అడగడం ఆ తర్వాతి పని.