ఏ పేరు మీద ఉంది?

"మొన్న నువ్వే తీసిచ్చినవు గద బిడ్డా, గా పహాణీ. మల్లొక్కటి తియ్యి."

"తీసిన కాకా. ఏ పేరుతోని సేవ్ చేసిన్నో యాదికొస్తలేదు."

మీసేవ కౌంటర్ దగ్గరో, జిరాక్స్ సెంటర్‌లోనో ఈ మాటలు వినబడని ఊరు తెలంగాణలో ఉండదేమో. కామారెడ్డి జిల్లా మహమ్మద్‌నగర్ అయినా అంతే. కాగితం ఎక్కడికీ పోలేదు, కంప్యూటర్‌లోనే ఉంది. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో 'పహాణీ', 'పహాణీ (1)', 'పహాణీ (2)' అంటూ బారులు తీరినవాటిలో ఒకటి కాకాది. ఏదో తెలియాలంటే ఒక్కొక్కటే తెరవాలి. వెనక లైన్‌లో ఇంకా మనుషులున్నారు.

ఆ బ్రాకెట్‌లో అంకె వేసింది బ్రౌజర్. ఒకే పేరుతో రెండు ఫైళ్లు పక్కపక్కన ఉండకూడదు, దాని బాధ అంతవరకే. వాట్సాప్ పెట్టే పేర్లూ అలాంటివే. పాస్‌బుక్ ఫొటో ఎవరైనా పంపితే ఫోన్‌లో 'ఐఎంజీ-20240610-డబ్ల్యూఏ0007' అని చేరుతుంది. మధ్యలోవి తేదీ అంకెలు: 2024 జూన్ 10. ఫొటో తీసిన రోజు అనుకుంటాం గానీ, అది మన ఫోన్‌కు చేరిన రోజు. పదేళ్ల నాటి పాస్‌బుక్‌ను నిన్న పంపినా నిన్నటి తేదీయే పడుతుంది.

ఊరు అక్కడే ఉంది, జిల్లా మారింది

2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లా ఏర్పడేదాకా మహమ్మద్‌నగర్ నిజామాబాద్ జిల్లాలోది. మొన్నమొన్నటిదాకా నిజాంసాగర్ మండలంలో ఉన్న ఊరు ఇప్పుడు తానే మండల కేంద్రం. భూమి రికార్డులిచ్చే పోర్టల్ కూడా మారింది. 2020 అక్టోబరు 29న ధరణి వచ్చింది, 2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చింది. అన్నీ ఒకే చెలకకు సంబంధించిన కాగితాలే అయినా కొన్ని 'నిజామాబాద్' ఫోల్డర్‌లో, కొన్ని 'కామారెడ్డి'లో, ఇంకొన్ని 'ధరణి'లో చిక్కుకుంటాయి. అందుకే జిల్లానీ మండలాన్నీ పోర్టల్‌నీ ఫైలు పేరులో ముందు తగిలించడం నా లెక్కలో దండగ. ఊరు, సర్వే నంబరు, అది ఏ కాగితం, ఏ తేదీది – ఈ నాలుగూ అంత తొందరగా మారవు.

అయితే సర్వే నంబరు దగ్గరే అసలు చిక్కు. మన భూములకు 14/5 అనో, 145/ఆ అనో బై నంబర్లుంటాయి. విండోస్‌లో ఫైలు పేరులో ఆ ఏటవాలు గీత పెట్టనివ్వరు. పెట్టకూడని గుర్తులు మొత్తం తొమ్మిది. కోలన్, ప్రశ్నార్థకం, నక్షత్రం కూడా అందులోవే. డాస్ రోజుల నుంచీ ఆ గీతలను కంప్యూటర్‌కిచ్చే ఆజ్ఞలకూ, ఫోల్డర్ల దారి చూపడానికీ కేటాయించేశారు. హడావుడిలో ఉన్న మనిషి ఏం చేస్తాడు? గీత తీసేసి అంకెలు కలిపేస్తాడు. 14/5 కాస్తా 145 అయిపోతుంది. అది వేరే రైతు భూమి! గీత బదులు అడ్డగీత పెట్టి 14-5 అని రాస్తే ఈ గొడవ ఉండదు.

కనబడని అక్షరం

ఇంకో తమాషా ఈ ఊరి పేరులోనే ఉంది. తెలుగులో 'మహమ్మద్‌నగర్' అని సరిగ్గా కనబడాలంటే 'ద్'కూ 'న'కూ మధ్య కంటికి కనబడని యూనికోడ్ అక్షరం ఒకటి ఉండాలి. దాన్ని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. అది లేకపోతే 'న' వెళ్లి 'ద' కింద వొత్తుగా చేరి 'మహమ్మద్నగర్' అవుతుంది. కొన్ని కీబోర్డులు ఆ అక్షరాన్ని వాటంతటవే వేస్తాయి, కొన్ని వేయవు. ఒకరు వేసి సేవ్ చేస్తే, ఇంకొకరు వేయకుండా వెతికితే కంప్యూటర్ చాలాసార్లు 'లేదు' పొమ్మంటుంది. 'మహమ్మద్' వరకే కొట్టి వెతకండి, రెండు రకాలూ దొరుకుతాయి.

పోనీ ఇంగ్లిష్‌లో రాద్దామంటే, మొదటి అక్షరం తర్వాత 'ఓ' పెట్టేవాళ్లున్నారు, 'ఏ' పెట్టేవాళ్లున్నారు, 'యూ' పెట్టేవాళ్లూ ఉన్నారు. ఏదో ఒకటి ఖాయం చేసుకుని దానికే కట్టుబడాలి. కొన్ని పోర్టళ్లు తెలుగు పేరున్న ఫైలును అప్‌లోడ్ కానివ్వవు కనుక, పంపాల్సినవాటికి ఇంగ్లిష్, ఇంట్లో దాచుకునేవాటికి తెలుగు పెట్టుకోవచ్చు. తెలుగు పేరు మరీ పొడుగైనా కష్టమే. లినక్స్‌లో, ఆండ్రాయిడ్ ఫోన్లలో ఫైలు పేరుకు హద్దు 255 బైట్లు. ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగులో అక్షరానికీ గుణింతానికీ పొల్లుకూ వేర్వేరుగా మూడేసి కావాలి. 'మహమ్మద్‌నగర్' ఒక్కటే 36 బైట్లు తింటుంది, ఆ కనబడని అక్షరంతో కలిపి. అయినా ఇదేమంత ఇరుకు కాదు. 1995లో విండోస్ 95 వచ్చేదాకా డాస్‌లో పేరుకు ఎనిమిదక్షరాలే! అచ్చులన్నీ పీకేసి కుదించి రాసే అలవాటు అప్పటిదే. ఆ ఇరుకు పోయి ముప్పై ఏళ్లవుతున్నా కొందరిని అలవాటు వదల్లేదు.

రెవెన్యూ ఆఫీసుల పాత గుమాస్తాలు ఈ విషయంలో మనకన్నా నయం. ఫైలు మీద 'బి/1234/2015' అని ఉంటే బి సెక్షన్, ఆ ఏడు 1234వ నంబరు అని అట్ట చూడగానే తెలిసేది. పని ముగిశాక 'ఆర్.డిస్' అని రాస్తే శాశ్వతంగా దాచాల్సిన ఫైలని అర్థం. రికార్డు రూములో ఎవరైనా వెతికి తీయగలిగేవారు, రాసిన గుమాస్తా బదిలీ అయిపోయినా సరే.

కాకా పహాణీకి నేనైతే 'మహమ్మద్‌నగర్-సర్వే014-5-పహాణీ-2024-06-10' అని పెడతాను. 14 ముందు సున్నా ఎందుకంటే, అది లేకుంటే కొన్ని యాప్‌ల వరసలో 2 కన్నా 14 ముందొచ్చి కూర్చుంటుంది. తేదీలో ఏడాది ముందు రావడం 1988లో వచ్చిన ఐఎస్ఓ 8601 ప్రమాణం పద్ధతి. మన అలవాటు చొప్పున రోజు ముందు రాస్తే 09-07-2024 పైకెక్కి, నెల ముందటి 10-06-2024 దాని కిందికి పోతుంది. ఇక 'అర్జీ ఫైనల్', 'అర్జీ ఫైనల్ కొత్తది', 'అర్జీ అసలు ఫైనల్' అని రాసేవాళ్లకు ఏం చెప్పాలి! తేదీ వేస్తే చాలు, ఏది చివరిదో అదే తెలుస్తుంది.

ఆధార్ కాపీల విషయంలో మాత్రం ఒక జాగ్రత్త. ఇంటిల్లిపాదివీ ఒక్కచోటే ఉంటాయి కాబట్టి మనిషి పేరు ముందు, 'ఆధార్' తర్వాత రాయాలి. నంబరు మాత్రం రాయొద్దు. ఇంటర్నెట్ సెంటర్ కంప్యూటర్‌లో ఫైలు తెరవకుండానే పేరు నలుగురి కంటా పడుతుంది. ఆపరేటర్ సేవ్ నొక్కబోతుంటే "పేరు నేను చెప్త, గదే కొట్టు" అనడానికి మొహమాటం అక్కర్లేదు. ఇప్పటికే పోగుపడ్డ వందల ఫైళ్లకు ఒక్కరోజులో పేర్లు మార్చాలని కూర్చోకండి, విసుగొచ్చి మానేస్తారు. వెతగ్గా వెతగ్గా ఒకటి దొరికిందనుకోండి, ఫోల్డర్ మూసేముందు దానొక్కదానికి ఎఫ్2 నొక్కి సరైన పేరు పెట్టండి. ఒకసారి అవసరపడ్డ కాగితమే సాధారణంగా రెండోసారీ అవసరపడుతుంది. మిగతా 'స్కాన్0001'లను అలాగే వదిలేసినా పెద్ద నష్టం లేదు.