పొగలోంచి సోడా

డైయింగు షెడ్డులో పనిచేసిన వాళ్లకి సోడా యాష్ గురించి నేను చెప్పక్కర్లేదు. రంగు నూలుని పట్టుకోవాలంటే తొట్టిలో అది పడాల్సిందే. ఆ మూటలు మోసి, విప్పి నా చేతులు ఎన్నిసార్లు పగిలాయో లెక్కలేదు. అదే సోడాని మన తమిళనాడులోనే, తూత్తుకుడిలో, బాయిలరు పొగలోంచి పట్టిన గాలితో చేశారంటే మొదట నమ్మబుద్ధి కాలేదు.

సోడా చేయడానికి ఉప్పు, అమ్మోనియా, బొగ్గుపులుసు గాలి కావాలి. పిల్లలు కార్బన్ డయాక్సైడ్ అని చదివేది అదే, గోలీసోడాలో బుస్సుమనేదీ అదే. బొగ్గు కాలిస్తే పొగగొట్టంలోంచి పోతుంది. కానీ పొగలో అది నూటికి పది పదిహేను పాళ్లే, మిగతాదాంట్లో ఎక్కువ నైట్రోజనే. దీన్నొక్కదాన్నే ఏరడం ఎలా?

దానికి అమీన్ కలిపిన మందునీళ్లున్నాయి. అమీన్ అంటే అమ్మోనియాకి చుట్టం, ఘాటు వాసన. ఎత్తైన టవరులో పైనుంచి ఈ నీళ్లు జారుతుంటే కిందనుంచి చల్లార్చిన పొగ ఎక్కుతుంది. బొగ్గుపులుసు గాలిది పులుపు గుణం, అమీనుది సోడా గుణం. రెండూ అంటుకుంటాయి. నైట్రోజన్ అంటుకోకుండా పైకి పోతుంది. ఆ నీళ్లని ఇంకో టవరులో స్టీముతో 120 డిగ్రీల దాకా కాగబెడితే పట్టిన గాలిని వదిలేస్తాయి. చల్లార్చి మళ్లీ మొదటి టవరుకే పంపుతారు. మన రంగునీళ్లలా కాలవలోకి వదలరు.

ఇది కొత్త విద్యేమీ కాదు. 1930లోనే అమెరికాలో రాబర్ట్ బాటమ్స్ అనే ఆయన పేటెంటు తీసుకున్నాడు. ఎక్కువగా వాడింది బావుల్లోంచి వచ్చే గ్యాసు కడగడానికి. కొన్నిచోట్ల ఆ గ్యాసులో కుళ్లుగుడ్డు వాసన కొట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది. ఎక్కువైతే ముక్కుకి వాసన కూడా తెలియనివ్వకుండా మనిషిని చంపుతుంది. తడి తగిలితే ఇనప గొట్టాల్ని తినేస్తుంది. (మన సిలిండరు వాసన వేరు, లీకు తెలియాలని కలిపింది.) నార్వే సముద్రంలో స్లైప్నర్ అనే చోట గ్యాసులో బొగ్గుపులుసు గాలి నూటికి 9 పాళ్లు. దాన్ని కడిగి తీసి, 1996 నుంచి సముద్రం అడుగున ఇసుకరాతి పొరలోకి దింపారు. బయటికి వదిలితే అక్కడి సర్కారు పన్ను వేస్తుంది మరి!

గ్యాసు కడిగిన ఖర్చు గ్యాసు ధరలో వస్తుంది. పొగకి ఎవరిస్తారు? అసలు చిక్కు ఇదే. పట్టడం తేలికే, వదిలించడానికే స్టీము కావాలి. స్టీమంటే మళ్లీ బొగ్గే. పైగా పొగలోని ఆక్సిజన్, గంధకం మందునీళ్లని పాడుచేస్తాయి. ఐఐటీ ఖరగ్‌పూర్‌లో చదివిన ఇద్దరు కుర్రాళ్లు పెట్టిన కార్బన్ క్లీన్ కంపెనీ, తక్కువ స్టీముతో పనయ్యే మందునీళ్లు తయారుచేసింది. 2016లో తూత్తుకుడి ఆల్కలీ ఫ్యాక్టరీలో ఏడాదికి 60,000 టన్నులు పట్టేలా పెట్టారు. సర్కారు సబ్సిడీ లేదు. భూమిని కాపాడదామని కాదు, సరుకుకి ఆ గాలి కావాలి గనక చేశానని ఫ్యాక్టరీ పెద్దాయనే పేపరువాళ్లకి చెప్పాడు. నాకు ఆ మాట నచ్చింది. అయితే ఒకటి: ఆ సోడా వాడిన నీళ్లలో యాసిడ్ పోశామంటే, పట్టిన గాలి బుడగలై మళ్లీ బయటికొస్తుంది.

మన మిల్లు బాయిలర్లకి ఇది వస్తుందా? పట్టిన గాలి కొనేవాడు పక్కనే లేకపోతే కష్టం. వస్తే మాత్రం టవరు కింద నిలబడేది మన పిల్లలే. అమీన్ కంట్లో పడితే కాలుస్తుంది, చర్మాన్నీ వదలదు. గ్లౌజులు, కళ్లద్దాలు, పక్కనే నీళ్ల కొళాయి ఉన్నాయా అని పనిలో చేరేముందే అడగమని చెప్పండి.