స్కాలర్‌షిప్ పేరుతో మోసం: సిగ్గు మనది కాదు, ఫిర్యాదు చేద్దాం

"మీ స్కాలర్‌షిప్ మంజూరైంది. ఆధార్ వెరిఫికేషన్ పెండింగ్‌లో ఉంది. ఇప్పుడు వచ్చే ఓటీపీ చెప్పండి." నెలల తరబడి ఫీజు రీయింబర్స్‌మెంట్ కోసం ఎదురుచూస్తున్న విద్యార్థికి ఈ ఫోన్ వస్తే అనుమానం కన్నా ముందు ఆశ పుడుతుంది. మెస్ బిల్లు, పరీక్ష ఫీజు, చివరికి సర్టిఫికెట్లు కూడా ఆ డబ్బుతోనే ముడిపడి ఉంటాయి. మోసగాడు ఆ అవసరం మీదే వల వేస్తాడు.

క్యాంపస్‌లో ఈ మోసాలు ప్రధానంగా మూడు రకాలు. మొదటిది పైన చెప్పిన ఫోన్, లేదా వాట్సాప్‌లో వచ్చే లింకు. స్కాలర్‌షిప్ ఇవ్వడానికి ఏ అధికారీ ఓటీపీ అడగడు. డబ్బు రావడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు, పంపడానికే కావాలి. అనుమానం వస్తే తెలంగాణలో ఈ-పాస్‌లో, ఆంధ్రప్రదేశ్‌లో జ్ఞానభూమిలో మీ దరఖాస్తు స్థితిని మీరే చూసుకోండి.

రెండోది ఖాతా అద్దె. "నీ బ్యాంకు ఖాతా, సిమ్ కొన్నాళ్లు వాడుకుంటాం, కమీషన్ ఇస్తాం" అంటారు. కొల్లగొట్టిన డబ్బు ఆ ఖాతా గుండా పోతుంది. పోలీసులు ముందు వచ్చేది ఖాతాదారు ఇంటికే. ఖాతా స్తంభిస్తే అసలు స్కాలర్‌షిప్ కూడా చేతికి రాదు.

మూడోది సంస్థలే చేసేది. హిమాచల్ ప్రదేశ్‌లో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ విద్యార్థుల స్కాలర్‌షిప్‌లు సుమారు 250 కోట్ల మేర దారి మళ్లాయన్న ఆరోపణలపై 2019లో సీబీఐ కేసు పెట్టింది. స్పితి లోయలోని గిరిజన విద్యార్థులకు ఏళ్ల తరబడి స్కాలర్‌షిప్ అందలేదన్న విషయం బయటికి రావడంతోనే ఆ తీగ కదిలింది. అందుకే పాస్‌బుక్, ఏటీఎం కార్డు, సంతకం చేసిన ఖాళీ చెక్కు కాలేజీ అడిగినా ఇవ్వకూడదు.

మోసపోయినవారు ఎక్కువగా నోరు విప్పరు. "చదువుకున్నోడివి, ఆమాత్రం తెలియదా" అంటారని భయం. రిజర్వేషన్ పేరుతో రోజూ ప్రతిభను శంకించే చోట ఈ భయం మన పిల్లలకు రెట్టింపు. ఇంట్లో చెబితే చదువు మాన్పిస్తారేమోనని ఆడపిల్లల దిగులు. ఈ మౌనంలోనే డబ్బు చేతులు మారిపోతుంది.

కాబట్టి వెంటనే 1930కి ఫోన్ చేయండి. డబ్బు ఇంకా ఏదో ఒక ఖాతాలో ఉంటే ఆపగలరు. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. బ్యాంకుకు చెప్పి ఫిర్యాదు నంబరు తీసుకోండి. 2017 జూలైలో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం, ఓటీపీ మీరే చెప్పినా సరే, బ్యాంకుకు తెలియజేసిన తర్వాత జరిగే నష్టం బ్యాంకుదే. మెసేజ్‌లు, కాల్ వివరాలు చెరపకుండా స్క్రీన్‌షాట్లు దాచుకోండి. మా పరిధి కాదని పోలీస్ స్టేషన్‌లో తిప్పి పంపితే జీరో ఎఫ్‌ఐఆర్ అడగండి. అది మీ హక్కు.

విద్యార్థి సంఘాలకూ ఇందులో పని ఉంది. ప్రతి హాస్టల్ నోటీసు బోర్డు మీద 1930 కనిపించాలి. బాధితులతో పాటు బ్యాంకుకు, స్టేషన్‌కు ఒకరు వెళ్లాలి. కాలేజీ మీదే ఫిర్యాదైతే ఒక్కరిగా కాక, పది సంతకాలతో ఎస్సీ, ఎస్టీ సెల్‌కు, జిల్లా సంక్షేమ అధికారికి ఇచ్చి రసీదు తీసుకోవాలి. స్కాలర్‌షిప్ ఎవరి దయా కాదు. పోరాడి సాధించుకున్న హక్కు. దాన్ని దోచినవాడు తలదించుకోవాలి గానీ పోగొట్టుకున్నవాళ్లు కాదు.