ఉప్పునీటిలో అరిగిపోవు ధ్రువములు

గ్లాసెడు ఉప్పునీటిలో రెండు ఇనుప మేకులను ఒకదానినొకటి తాకకుండ నిలిపి బాటరీకి కలిపినచో, కొద్దిసేపటికే రెండింటి తీరు వేరువేరుగా కనిపించును. ఋణధ్రువమైన మేకు చుట్టూ హైడ్రోజన్ బుడగలు నురుగువలె లేచును. మేకు మాత్రము చెక్కుచెదరదు. ధనధ్రువము వైపు బుడగలు దాదాపు ఉండవు. అక్కడినుండి పచ్చని మడ్డి జారి, గాలి సోకిన కొలది తుప్పురంగుకు తిరుగును. మేకు సన్నబడుచుండును.

ఉప్పునీటినుండి క్లోరిన్ రావలెను గదా, అది ఏమైనట్లు? ధనధ్రువము చేయు పని ఎలక్ట్రానులను లాగికొనుట. ఎవరు తేలికగా ఇత్తురో వారినుండియే తీసికొనును. క్లోరైడు అయానులకంటె ఇనుము చాల సులభముగా ఎలక్ట్రానులను వదలును. కనుక క్లోరైడు అట్లే ఉండగా లోహమే అయానులుగా మారి నీటిలో కలియును. ఫారడే నియమము ననుసరించి ఈ నష్టమును ముందే లెక్కకట్టవచ్చును: ఒక ఆంపియరు విద్యుత్తు ఒక గంట ప్రవహించినచో సుమారు 1.04 గ్రాముల ఇనుము కరగును.

స్టెయిన్‌లెస్ స్టీలు తుప్పు పట్టదు గనుక అది పనికివచ్చునని కొందరు తలంతురు. ఇది ప్రమాదకరమైన తలంపు. ఆ స్టీలును కాపాడునది క్రోమియం ఆక్సైడుతో ఏర్పడిన పలుచని పొర. క్లోరైడు ఆ పొరకు తూట్లు పొడుచును. వోల్టేజి హెచ్చినచో పొరయే కరిగి, క్రోమియము క్రోమేటుగా నీటిలోనికి దిగవచ్చును. క్రోమేటు క్యాన్సరు కలిగించు విషము. నీటిని శుద్ధి చేయబూని విషము కలిపినట్లగును.

పూర్వము క్లోరిన్ కర్మాగారములలో గ్రాఫైటు ధ్రువములు వాడెడివారు. క్లోరిన్‌తోపాటు కొద్దిగా వెలువడు ఆక్సిజన్ వాటిని క్రమముగా తినివేయును. అరిగిన కొలది ధ్రువముల నడుమ ఎడము పెరిగి కరెంటు ఖర్చు హెచ్చెడిది. 1960 దశకములో హెన్రీ బీర్ టైటేనియముపై రుథేనియం ఆక్సైడు పూత వేసి ఈ చిక్కు తీర్చెను. పూత లేని టైటేనియము తన ఆక్సైడు పొరతో విద్యుత్తునే అడ్డగించును. నేడు ఈతకొలనులలో ఉప్పునుండి క్లోరిన్ తయారుచేయు పరికరములలో ఇట్టి పూత ధ్రువములే వాడుదురు. ఇవియు శాశ్వతములు కావు. ఋణధ్రువముపై పేరుకొను సున్నపు పెచ్చులను రాల్చుటకు ధ్రువములను తారుమారు చేసిన ప్రతిసారి పూత ఆయువు కొంత తరుగును.

లోహము కరుగుటయే కావలసిన చోటు కూడ ఒకటి కలదు. మురికినీటిలో ఇనుప లేక అల్యూమినియం పలకను ధనధ్రువముగా ఉంచినచో, కరిగిన లోహము హైడ్రాక్సైడు తుంపులుగా మారి సన్నని మలినములను పట్టి తనతో విడదీయును. పటిక చేయు పనియే ఇది. అక్కడ పలకలు అరుగుచున్నంతవరకే శుద్ధి సాగును. పటికవలె వాటిని కూడ ఖర్చగు సరకుగానే లెక్కింపవలెను.