మందునకు పట్టా

భద్రాచలము అడవి అంచుననున్న మన పల్లెలలో వకీలనగానే భూతగాదా జ్ఞప్తికి వచ్చును. పట్టా ఎవరిది, హద్దెక్కడ, గిరిజనుని భూమిని గిరిజనేతరుడు కొనవచ్చునా అనునవే ఇచ్చటి వకీళ్లకు నిత్యము ఎదురగు ప్రశ్నలు. మందులను గూర్చి వాదించు వకీళ్లును కలరు. వారు వాదించునదియు ఒక విధమైన పట్టాను గూర్చియే. దానిని పేటెంటు అందురు.

క్రొత్త మందును కనిపెట్టిన సంస్థకు, దరఖాస్తు పెట్టిన నాటినుండి 20 సంవత్సరములు ప్రభుత్వము దానిపై ప్రత్యేక హక్కు నిచ్చును. ఆ కాలమున ఇతరులు అనుమతి లేక దానిని తయారుచేయరాదు, అమ్మరాదు. ప్రతిగా ఆ సంస్థ తాను కనుగొన్న దానిని దాచక వెల్లడింపవలెను. అయితే ఏజెన్సీలోని పట్టాదారు తన భూమిని తోచినవారికెల్ల అమ్ముటకు వీలులేనట్లే, పేటెంటు హక్కునకును హద్దులు కలవు. విచిత్రమేమనగా, గిరిజన భూములను కాపాడు 1/70 చట్టమును, మన పేటెంటు చట్టమును 1970లోనే వచ్చినవి.

పేటెంటు ఇచ్చి మూడేండ్లు గడచిన పిమ్మట ఆ మందు ప్రజలకు చాలినంత దొరకకున్నను, అందుబాటు ధరకు రాకున్నను, దానిని తయారుచేయుటకు మరియొకరు అనుమతి కోరవచ్చునని 84వ సెక్షను చెప్పుచున్నది. దీనిని నిర్బంధ లైసెన్సు అందురు. దేశమున మొట్టమొదట దీనిని సాధించినది హైదరాబాదులోని నాట్కో ఫార్మా సంస్థ.

జర్మనీ దేశపు బేయర్ సంస్థకు సోరాఫెనిబ్ అను మందుపై 2008లో మన దేశమున పేటెంటు లభించినది. ముదిరిన మూత్రపిండపు, కాలేయపు క్యాన్సరులకు దానిని వాడుదురు. అది వ్యాధిని పూర్తిగా కుదుర్చదు. ఆయువును కొంత పొడిగించును. నాడు నెలకు కావలసిన 120 మాత్రల వెల రూ. 2,80,428గా నుండెను. వేసవిలో తునికాకు కోసి బ్రతుకు కుటుంబము మాట అటుండనిండు, నెలజీతము గల ఉపాధ్యాయుడైనను అంత యిచ్చుకొనగలడా? నాట్కో అదే మందును రూ. 8,880కి ఇత్తునని 2011లో దరఖాస్తు పెట్టినది.

ఇట్టి వ్యాజ్యములలో వాగ్ధాటి కంటె లెక్కలు ముఖ్యము. రసాయనశాస్త్రము తెలియవలెను, పేటెంటు ఏజెంటు పరీక్షకు విజ్ఞానశాస్త్రమున గాని, ఇంజనీరింగున గాని పట్టము ఉండియే తీరవలెను. దేశమునకు ఎంత మందు దిగుమతి యైనది అను వివరములను బేయర్ స్వయముగా పేటెంటు కార్యాలయమునకు సమర్పించిన పత్రములనుండియే తీసి చూపిరి. బేయర్ పక్షము వాదము తేలికైనది కాదు. పరిశోధనకు అపారధనము వ్యయమగును. అది తిరిగి రానిచో రేపు క్రొత్త మందులు కనిపెట్టువారెవరు? కాని వారి మరియొక వాదము వారికే అడ్డు వచ్చినది. సిప్లా సంస్థయు ఈ మందును చౌకగా అమ్ముచున్నది గనుక కొరత లేదనిరి. ఆ సిప్లా తమ హక్కును అతిక్రమించుచున్నదని వారే ఢిల్లీ హైకోర్టులో దావా నడుపుచుండిరి! తాము ఆపజూచుచున్న సరకును తమ లెక్కలో చూపుకొనుట చెల్లలేదు.

అందుబాటు ధర యనగా ఎవరికి అందుబాటు? ప్రజలను ముఖ్యముగా దృష్టిలో నుంచుకొని దానిని నిర్ణయింపవలెనని చెప్పి, పేటెంటు కంట్రోలరు 2012 మార్చి 9న నాట్కోకు లైసెన్సు నిచ్చెను. అమ్మకముపై నూటికి 6 వంతులు బేయరుకు చెల్లింపవలెను. ఏటేట కనీసము 600 మంది పేదరోగులకు మందును ఉచితముగ నీయవలెను. అప్పీలులో ఆ 6 వంతులు 7 అయినవి. 2014 జూలైలో బొంబాయి హైకోర్టు లైసెన్సును నిలిపినది. అదే ఏట డిసెంబరులో సుప్రీంకోర్టు బేయర్ విన్నపమును త్రోసిపుచ్చినది.