ఎంత పీలిస్తే పర్లేదు? నానోకి హద్దు గీసేదెవరు?

మొన్న దాళ్వాలో మా బాబాయి ఒక రైతు చేలో నానో యూరియా కొట్టొచ్చాడు. మాది గూడెం పక్క ఊరే. బాబాయికి సొంత చేను లేదు, భుజాన వేసుకునే ట్యాంకు ఉంది. ట్యాంకుకింత అని బేరమాడుకుని ఊరంతా మందు కొడతాడు. ఆ సాయంత్రం అరుగు మీద కూచుని ఖాళీ సీసా నా చేతిలో పెట్టాడు.

"ఒరేయ్, నువ్వు చదువుకున్నోడివి గదా. నానో అంటే బాగా చిన్నదంట. అంత చిన్నదైతే నా తువ్వాల్లోంచి లోపలికి పోదా? ఎంత పోతే పర్లేదు?"

నా దగ్గర జవాబు లేదు. సిగ్గేసి, తర్వాత వెతికి చదివాను. తీరా చూస్తే బాబాయి అడిగిన ఆఖరి ముక్క, "ఎంత పోతే పర్లేదు" అన్నదే, పెద్ద పెద్ద సంస్థలు ఏళ్ల తరబడి తేల్చుకుంటున్న ప్రశ్న. పని చేసే చోట గాలిలో ఒక సరుకు ఎంతవరకు ఉండొచ్చో చెప్పే లెక్కని ఎక్స్‌పోజర్ లిమిట్ అంటారు. మనం హద్దు అనుకుందాం. కొల్లేరు చుట్టుపక్కల వాళ్లకి హద్దు అంటే ఏంటో కొత్తగా చెప్పక్కర్లేదు. 1999లో ఐదో కాంటూరు దాకా అభయారణ్యం అన్నారు, 2006లో ఆ గీత లోపలున్న చెరువుల గట్లు కొట్టేశారు. గీత ఎక్కడుందన్న దాని మీదే బతుకులు ఆధారపడతాయి. గాలిలో గీత కూడా అంతే, కాపోతే అది కంటికి కనపడదు.

ముందు చిన్నదైతే ఏంటి తేడా అన్నది చూద్దాం. రైసు మిల్లులో పని చేసినోళ్లని అడగండి. బియ్యం బస్తా మోస్తే నడుం నొప్పే గానీ దగ్గు రాదు. అదే తవుడు పడే చోట గంట నిలబడితే దగ్గు తెరలు తెరలుగా వస్తది. అదీ ఆ వడ్లలోంచి వచ్చిందే, నలిగి సన్నబడింది అంతే. నానో అంటే ఆ నలగడం ఆఖరి మెట్టుకి చేరడం. ఒక మిల్లీమీటరుని పది లక్షల ముక్కలు చేస్తే ఒక్కో ముక్క ఒక నానోమీటరు. 1 నుంచి 100 నానోమీటర్ల మధ్య సైజులో కావాలని తయారు చేసిన రేణువుల్ని నానో పదార్థాలు అంటారు.

ఒక లెక్క చెప్తాను. అన్ని వైపులా ఒక్కో సెంటీమీటరు ఉన్న చిన్న దిమ్మ తీసుకోండి. దాని ఆరు ముఖాలూ కలిపితే 6 చదరపు సెంటీమీటర్లు, తపాలా బిళ్లంత. దాన్నే ఒక్కో నానోమీటరు ముక్కలుగా కోసేస్తే ఆ ముక్కల ముఖాలన్నీ కలిపి 6,000 చదరపు మీటర్లు. అంటే దగ్గర దగ్గర ఎకరంన్నర చేను! బరువు ఒక్క గ్రాము కూడా పెరగలేదు. కానీ ఊపిరితిత్తికి తగిలే వైశాల్యం మాత్రం బిళ్ల నుంచి ఎకరంన్నరకి పోయింది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. పాత హద్దులన్నీ చాలావరకు బరువు లెక్కలో ఉంటాయి, ఘనపు మీటరు గాలికి ఇన్ని మిల్లీగ్రాములని. నానోకి ఆ తూకం చాలదు. అమెరికాలో కార్మికుల ఆరోగ్యం మీద పరిశోధన చేసే ప్రభుత్వ సంస్థ నియోష్ ఈ సంగతి గ్రహించి వేరే అంకెలు వేసింది. తెల్ల పెయింటులో వాడే టైటానియం డయాక్సైడ్ మామూలు పొడికి 2.4 మిల్లీగ్రాములు, నానో పొడికి 0.3 అని 2011లో చెప్పింది. సరుకు అదే, హద్దు మాత్రం ఎనిమిదో వంతుకి దిగింది. వెండికి మామూలుగా 10 మైక్రోగ్రాములుంటే, నానో వెండికి 0.9 అని 2021లో చెప్పింది. ఇవి సిఫార్సులే, అక్కడ కూడా చట్టం కాదు.

ఈ అంకెలు ఎలా వస్తాయి? ఎలుకల చేత ఆ పొడి పీల్పిస్తారు. ఎంత పీలిస్తే ఊపిరితిత్తులు వాస్తున్నాయో చూస్తారు. దాన్ని మనిషి లెక్కలోకి మార్చి, జాగ్రత్త కోసం ఇంకా తగ్గిస్తారు. ఆ తర్వాత ఇంకో ప్రశ్న: అంత తక్కువని కొలిచే పద్ధతి ఉందా? ఇప్పుడు బ్యాటరీల్లో కూడా వాడుతున్న కార్బన్ నానోట్యూబుల సంగతే చూడండి. 2010 ముసాయిదాలో 7 మైక్రోగ్రాములన్నారు, 2013లో ఒకటికి దించారు. ఎందుకంటే అప్పటికి నమ్మకంగా కొలవగలిగిన కనిష్ఠం అదే. ఆ ఒక్కటి దగ్గర కూడా ప్రమాదం పూర్తిగా పోదని వాళ్లే రాశారు. అంటే హద్దు అనేది "ఇక్కడిదాకా క్షేమం" అని రాసిచ్చిన హామీ కాదు. మన చేతిలో ఉన్న తక్కెడ ఎంత సన్నంగా తూచగలదో అదీ అందులో కలిసుంటది.

మరి మన దగ్గర? 1984లో భోపాల్ జరిగాక, 1987లో ఫ్యాక్టరీల చట్టానికి హద్దుల జాబితా చేర్చారు. అందులో నానో అన్న మాటే లేదు. ఇప్పుడు దాని చోట 2020 నాటి కొత్త కోడ్ వచ్చింది, 2025 నవంబరు 21 నుంచి అమల్లో ఉంది. ఫ్యాక్టరీల్లో విష పదార్థాల హద్దులు రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించాలని అందులో ఉంది. అంటే ఈ మాట అడగాల్సింది ఢిల్లీని కాదు, అమరావతిని.

అయితే ఆ హద్దు వచ్చినా ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆగిపోతుంది. బాబాయి పని చేసేది చేలో. వ్యవసాయంలో వాడే నానో సరుకుల్ని అమ్మే ముందు ఎలా పరీక్షించాలో 2020లో కేంద్రం మార్గదర్శకాలిచ్చింది, 2021లో నానో యూరియాకి అనుమతి వచ్చింది. అదంతా సీసాలో ఉన్న సరుకు గురించి. ట్యాంకు మోసేవాడి ముక్కు దగ్గర గాలి కొలవడం వేరే పని.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. నానో యూరియాని చూసి హడలిపోవక్కర్లేదు. యూరియా నీళ్లలో కరిగిపోద్ది. భయపడాల్సింది ఎక్కువగా కరగకుండా ఊపిరితిత్తుల్లో తిష్ఠ వేసే రేణువుల గురించి. కానీ బాబాయి ట్యాంకులో యూరియా ఒక్కటే ఉంటదా? పనిలో పనిగా పురుగుమందు కూడా కలిపి కొట్టమంటారు. ఆ తుంపర పీల్చడం ఈ రోజు మన కళ్ల ముందున్న ప్రమాదం.

కొలత లేకపోతే ఏమవుద్దో ఏలూరు వాళ్లకి తెలుసు. 2020 డిసెంబరులో ఉన్నట్టుండి జనం మూర్ఛలొచ్చి పడిపోయారు. వందల మంది ఆసుపత్రిలో చేరారు. ముందు రక్తంలో సీసం, నికెల్ అన్నారు, తర్వాత వేళ్లు పురుగుమందుల వైపు తిరిగాయి. జనం పడిపోయాక గానీ నీళ్లూ రక్తమూ ఊళ్లు దాటి పరీక్షకి పోలేదు. మన నీళ్లలో, గాలిలో ఏముందో ముందు నుంచీ ఎవరైనా రాసి పెట్టుకుని ఉంటే అంత వెతుకులాట ఉండేదా?

అంకె వచ్చేదాకా ఊపిరి బిగబట్టి కూచోలేం గదా. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2017లో ఇదే చెప్పింది: సంగతి తేలేదాకా జాగ్రత్త వైపే మొగ్గండి అని. బ్యాటరీ, పెయింటు, ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలకి పనికి వెళ్లే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, పొడి సరుకు ముట్టుకునే ముందు దాని సేఫ్టీ షీట్ అడగండి. పొడిని చీపురుతో ఊడవకండి, తడిగుడ్డతో తుడవండి. పని బట్టలు ఇంట్లో బట్టలతో కలిపి ఉతక్కండి. మందు కొట్టేవాళ్లు గాలికి ఎదురు నడవకండి. తువ్వాలు మాస్కు కాదు. చిన్న రేణువు మాస్కులోంచి దూరిపోద్దనుకుంటాం గానీ, ముఖానికి బిగుతుగా పెట్టుకున్న ఎన్95 నానో రేణువుల్ని కూడా చాలావరకు ఆపుద్ది. మరీ చిన్నవి తిన్నగా పోకుండా అటూ ఇటూ గెంతుతా దారాలకి అంటుకుపోతాయి. పురుగుమందు ఆవిరికి మాత్రం అదీ చాలదు, దానికి వేరే ఫిల్టరు కావాలి.

ఇదంతా బాబాయికి చెప్పాను. ఓపిగ్గా విని, "బానే ఉంది. ఎండలో ఆ మాస్కుతో ఊపిరాడదు, అది పక్కన పెట్టు. దాని డబ్బులు ఎవరిస్తార్రా?" అన్నాడు.

ఈసారి మాత్రం నా దగ్గర జవాబుంది. డీజిలు డబ్బులు ఎవరిస్తున్నారో, మందు డబ్బులు ఎవరిస్తున్నారో వాళ్లే. వచ్చే సార్వాకి ట్యాంకు బేరం మాట్లాడేటప్పుడు కూలితో పాటు మాస్కు కూడా కలిపి చెప్పమన్నాను. ప్రభుత్వం గీసే హద్దు ఎప్పుడొస్తదో గానీ, ఈ గీత మాత్రం మన ఊరి అరుగు మీదే గీసుకోవచ్చు.