నిప్పురవ్వ నుండి పుట్టిన పదం

నిప్పురవ్వ ఎగసిన క్షణంలోనే ఆరిపోతుంది. కానీ రోమనులు దానికి పెట్టిన పేరు రెండు వేల ఏండ్లు దాటినా నిలిచి ఉంది. లాటిన్ భాషలో నిప్పురవ్వను 'స్కింటిల్లా' అంటారు. 'మిలమిల మెరయుట' అనే అర్థంలో ఆంగ్లేయులు వాడే 'సింటిలేట్' అనే క్రియాపదానికి ఇదే మూలం. పదిహేడవ శతాబ్దిలో ఆంగ్లంలో ప్రవేశించిన ఈ పదం మొదట రవ్వలు వెదజల్లడాన్నీ, తళుకులీనడాన్నీ తెలిపేది. క్రమంగా చమత్కారంతో మెరిసే సంభాషణకూ, చురుకైన ప్రతిభకూ అన్వయించింది.

'స్కింటిల్లా' సంతానం ఇంతటితో ఆగలేదు. జనుల నోట ఆ పదంలోని కకార టకారాలు తమ స్థానాలను మార్చుకున్నాయి. ఇటువంటి మార్పును వర్ణవ్యత్యయం అంటారు. వారణాసి 'బనారస్' కావడం ఇందుకు మనమెరిగిన ఉదాహరణ. ఇలా మారిన రూపం ప్రాచీన ఫ్రెంచి భాష ద్వారా ఆంగ్లాన్ని చేరి, తళుకు కాగితాన్ని సూచించే 'టిన్సెల్'గా, అచ్చురేకును సూచించే 'స్టెన్సిల్'గా స్థిరపడింది. మెరిసే రంగులతో అలంకరించడమే 'స్టెన్సిల్' పదానికి తొలి అర్థం.

నిప్పురవ్వ వెలుగునే కాక అల్పత్వాన్నీ స్ఫురింపజేస్తుంది. అందుచేతనే ఆంగ్ల న్యాయపరిభాషలో లేశమాత్రమైన సాక్ష్యాన్ని 'సింటిల్లా' అని పేర్కొంటారు. తెలుగులోనూ ఇదే భావన కనిపిస్తుంది. 'నిప్పురవ్వ'లో అగ్నికణం, 'రవ్వల కమ్మలు'లో వజ్రపు తళుకు, 'రవ్వంత' అన్నప్పుడు అల్పపరిమాణం ఒకే మాటలో ఇమిడి ఉన్నాయి. సంబంధం లేని రెండు భాషలు ఒకే దృశ్యాన్ని చూసి ఒకే విధంగా ఊహించాయన్నమాట.

విజ్ఞానశాస్త్రం కూడా ఈ పదాన్ని స్వీకరించింది. వాతావరణంలోని గాలిపొరల సాంద్రతా భేదాల వలన నక్షత్రాలు మినుకుమినుకుమనడాన్ని 'సింటిలేషన్' అంటారు. ఆల్ఫా కణాలు జింక్ సల్ఫైడ్ తెరను తాకినప్పుడు పుట్టే సూక్ష్మమైన మెరుపులకూ అదే పేరు. 1909లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో గైగర్, మార్స్‌డెన్‌లు చీకటిగదిలో కూర్చొని, సూక్ష్మదర్శిని సహాయంతో ఆ మెరుపులను ఒక్కొక్కటిగా లెక్కించారు. పలుచని లోహపు రేకును తాకిన కణాలలో బహు కొద్ది వెనుకకు మరలినట్లు ఆ మెరుపులే తెలిపాయి. ఆ ఆధారంతోనే 1911లో రూథర్‌ఫర్డ్ పరమాణువుకు కేంద్రకం ఉన్నదని ప్రతిపాదించాడు. నేడు వైద్యశాలలలోని గామా కెమెరాలు సైతం స్ఫటికాలలో పుట్టే ఇట్టి మెరుపుల ఆధారంగానే పనిచేస్తున్నాయి.

అలంకారం, న్యాయం, భౌతికశాస్త్రం వేర్వేరు రంగాలు. వాటిలో వాడే ఈ పదాలన్నింటినీ విడివిడిగా కంఠస్థం చేయనవసరం లేదు. మూలంలోని నిప్పురవ్వను గుర్తించిన విద్యార్థికి వాటి అర్థాలు సులభంగా బోధపడతాయి.